పగిలిందా, పగలగొట్టావా?

రైల్వేలో ముప్పై ఆరేళ్లు పనిచేసి 2012లో రిటైరయ్యాను. చిన్న స్టేషన్లలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా మొదలుపెట్టి, చివరి తొమ్మిదేళ్లు కంట్రోలు ఆఫీసులో ఉన్నాను. ఒక బండి ఇరవై నిమిషాలు ఆలస్యమైతే ఆ ఇరవై నిమిషాలూ ఏదో ఒక శాఖ ఖాతాలో పడాలి. సిగ్నలా, ఇంజనా, ట్రాకా, ట్రాఫికా? పొద్దుటి కాన్ఫరెన్సులో సగం సమయం "ఆ నిమిషాలు మావి కావు" అనడానికే సరిపోయేది. రిటైరయ్యాక బంధువుల తగవుల్లో, వీధిలో గొడవల్లో నన్ను పెద్దమనిషిగా కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. అక్కడా ఇదే విన్నాను. ఆస్తి దగ్గర పేచీ వచ్చినా, సంబంధం చెడినా, పిల్లవాడి చదువు ఆగిపోయినా, ఎదుటివాడి తప్పుల జాబితా ప్రతివాడికీ కంఠతా వచ్చు.

మనుషులు ఎందుకిలా చేస్తారో నాకు తెలిసివచ్చిన మేరకు వరుసగా రాస్తున్నాను. ఇందులో ఒక పాఠం నేను నేర్చుకోవడానికి నష్టపోయింది వేరొకరు. అదీ రాస్తాను.

1. గడపకు రెండు దెబ్బలు

నడక నేర్చుకునే పిల్లవాడు గడప తగిలి పడతాడు. పెద్దవాళ్లం పరుగున వెళ్లి ఎత్తుకుని, గడపను అరచేత్తో రెండు బాది, "మా బంగారాన్ని కొడతావా? ఇదిగో, దాన్ని కొట్టేశాం, ఏడవకు నాన్నా" అంటాం. వాడు ఏడుపు ఆపి గడప వంక చూస్తాడు. మా పిల్లలకు నేనూ ఇదే చేశాను, మనవడికి మా ఆవిడ చేసింది. ప్రేమతోనే చేస్తాం. కానీ వాడికి ఇంకా మాటలు రాకముందే మనం ఒకటి నేర్పేశాం. నొప్పి పుట్టిందంటే దానికి కారణం ఎవరో ఉన్నారు, వాళ్లను కొడితే నొప్పి తగ్గుతుంది.

నిజంగానే తగ్గుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఇంకొకరిని తప్పు పట్టగానే మనసుకు ఒక చల్లదనం దొరుకుతుంది. కాసేపే ఉంటుంది గానీ దొరికే మాట నిజం. అందుకే ఈ అలవాటు ముసలితనం వచ్చినా వదలదు. గడప పోయి మాస్టారు వస్తాడు, తర్వాత మేనేజరు, తర్వాత కోడలు, ఆ తర్వాత ప్రభుత్వం, ఎవరూ దొరక్కపోతే ఏలిననాటి శని.

2. క్రియ మారితే మనిషి మాయం

మా అమ్మ చదువుకోలేదు. ఇంట్లో గాజు గ్లాసు పగిలితే మాత్రం మమ్మల్ని వ్యాకరణం అడిగేది. "అమ్మా, గ్లాసు పగిలింది" అంటే, "పగిలిందా, పగలగొట్టావా?" అనేది. సరైన మాట వచ్చేదాకా వదిలేది కాదు. "పగలగొట్టాను" అన్నాక మాత్రం కొట్టేది కాదు. చీపురు చేతికిచ్చి, గాజుపెంకులు ఎత్తమనేది.

తెలుగులో ఎన్నో పనులకు ఇలాంటి జంట మాటలున్నాయి. విరిగింది, విరిచాను. చిరిగింది, చించాను. ఒలికింది, ఒలకబోశాను. పోయింది, పోగొట్టాను. చెడింది, చెడగొట్టాను. మొదటి మాటలో పని కనపడుతుంది, చేసినవాడు కనపడడు. మంచి జరిగినప్పుడు మనం రెండో వైపున ఉంటాం. ఇల్లు కట్టాను, పిల్లల్ని చదివించాను, సంబంధం కుదిర్చాను. చెడు జరిగితే మొదటి వైపుకు జరుగుతాం. అప్పులయ్యాయి, మాటలు పెరిగాయి, సంబంధం చెడింది. "ఫస్టు క్లాసులో పాసయ్యాను" అనే కుర్రాడే తప్పిన రోజున "లెక్కల్లో తప్పించారు" అంటాడు. పత్రికల్లో "పొరపాటు దొర్లింది" అని వేస్తారు. ఎవరి చేతిలోంచి దొర్లిందో ఆ వాక్యంలో ఉండదు.

తప్పు భాషది కాదు. గాలివానకు గోడ కూలితే కూలిందనే అనాలి. కర్త లేనిచోట వాడాల్సిన మాటను, కర్త ఉన్నచోట తెచ్చి అడ్డు పెట్టుకోవడమే తప్పు. ఇప్పుడు నేను ఏ సంజాయిషీ విన్నా, ఏ సంజాయిషీ చెప్పినా, ఆ వాక్యంలో "ఎవరు?" అన్న ప్రశ్నకు జవాబు ఉందా అని మొదట వెతుకుతాను.

3. ఆ రాత్రి విన్న "ఆఁ"

1981 చలికాలం. ఒక చిన్న స్టేషన్. రాత్రి రెండు దాటింది. గూడ్సు బండి నుంచి నాలుగు వ్యాగన్లు విడదీసి సైడింగులో పెట్టాలి. ఆ సైడింగు పాయింటు చేత్తో తిప్పేది. పాయింట్స్‌మన్ దాన్ని తిప్పి, క్లాంపు బిగించి, తాళం వెయ్యాలి. అంతా సరిగా పడిందో లేదో నేను దగ్గరికి వెళ్లి చూసుకోవాలి. ఆ తర్వాతే వ్యాగన్లు కదలాలి. ఈ రూలు నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు.

బయట మంచు. లోపల పక్క స్టేషన్ ఫోను మోగుతోంది. నేను తలుపు దగ్గరే నిలబడి, చీకట్లోకి "అయిందా?" అని కేకేశాను. "ఆఁ" అని వినపడింది.

తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. "ఆఁ" అంటే అవును. "ఆఁ?" అంటే ఏమన్నారు అని. ఇంజను చప్పుడులో నా మాట వినపడక ఆయన అడిగింది రెండోది. ఫోను హడావుడిలో నేను తీసుకున్నది మొదటిది. వ్యాగన్లు నెట్టమని దీపం చూపించాను. పాయింటు సగంలో ఉంది. రెండు వ్యాగన్లు పట్టాలు తప్పాయి.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. తెల్లవారాక స్టేట్‌మెంటు రాసిచ్చాను. ఇంగ్లీషులో రాశాను. కర్తను దాచడానికి ఆ భాషలోనూ బోలెడంత చోటుంది. పాయింటు సరిగా పడలేదని, పాయింట్స్‌మన్ నుంచి జవాబు వచ్చాకే షంటింగుకు అనుమతి ఇవ్వబడిందని రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు. నేను తలుపు దాటి వెళ్లలేదన్న మాట కూడా లేదు. ఎవరైనా సూటిగా అడిగితే చెబుదామనుకున్నాను. అడగలేదు. పాయింట్స్‌మన్ తెలుగులో చెప్పుకున్నదాన్ని ఇంకెవరో ఇంగ్లీషులో నాలుగు ముక్కల్లో రాసుకున్నారు. నాకు పర్యవేక్షణ లోపం కింద హెచ్చరిక వచ్చింది. ఆయనకు మేజర్ పెనాల్టీ చార్జిషీటు వచ్చింది. విచారణ అయ్యాక ఒక ఇంక్రిమెంటు కోశారు. ఒక ఏడాదికి ఆపి మళ్లీ ఇచ్చే కోత కాదు, తర్వాతి జీతాలన్నిటి మీదా పడే కోత.

ఎందుకలా రాశాను? ఇంట్లో చంటిపిల్ల. వచ్చే నెల ప్రమోషన్ జాబితా. భయం ఉంది, కాదనను. కానీ భయం ఒక్కటే అయితే రాయడానికి చెయ్యి వణికేది. నాకు వణకలేదు. రాస్తున్నంతసేపూ నేను తప్పు చెయ్యలేదనే నమ్మాను. నా వైపు చూసుకుంటే మంచు కనపడింది, ఫోను కనపడింది, రెండు రాత్రుల నిద్ర లేమి కనపడింది. ఆయన వైపు చూస్తే పాయింటు పడలేదన్నది ఒక్కటే కనపడింది. ఆయన కూడా అదే మంచులో, నాకన్నా పల్చటి స్వెట్టరుతో, బయట నిలబడి ఉన్నాడన్నది అప్పుడు నా లెక్కలోకి రాలేదు.

4. ఎవరి టేపు వారిదే

ఇది నా ఒక్కడి జబ్బు కాదని తర్వాత తెలిసింది. బండి పట్టాలు తప్పిన చోటికి నాలుగు శాఖల సూపర్‌వైజర్లు చేరతారు. ట్రాకు కొలుస్తారు, చక్రాలు కొలుస్తారు, అందరూ కలిసి జాయింటు నోటు రాసి సంతకాలు పెట్టాలి. ట్రాకు ఆయన చక్రం అంచు అరిగిందంటాడు. వ్యాగన్ల ఆయన రెండు పట్టాల ఎత్తులో తేడా ఉందంటాడు. ఒప్పుకోనివాళ్లు కింద డిసెంట్ నోట్ రాస్తారు. నా సర్వీసులో ఇలాంటివి ఎన్నో చదివాను. తప్పు తన శాఖదేనని రాసినవాణ్ని ఒక్కణ్నే చూశాను.

వీళ్లంతా అబద్ధాలాడుతున్నారని చాలాకాలం అనుకున్నాను. కాదు. ఎవరి వృత్తి వారికి ఒక కన్ను ఇస్తుంది, ఆ కన్ను అవతలి శాఖ లోపాన్నే పట్టుకుంటుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లీ రాస్ 1977లో దీని మీద రాశాడు. ఎదుటివాడు చేసిన పనికి వాడి గుణమే కారణమనుకుంటాం, వాడి పరిస్థితిని తక్కువ లెక్కేస్తాం అన్నది ఆయన చెప్పిన విషయం. రోడ్డు మీద చూడండి. ఎదుటివాడు రాంగ్ రూటులో వస్తే వాడికి పొగరు. మనం వస్తే యూ-టర్ను రెండు కిలోమీటర్లుంది.

1979లో మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే మరో ఇద్దరు పరిశోధకులు భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టి, ఇంటిపనుల్లో మీ వంతు ఎంత అని అడిగారు. రెండు జవాబులూ కలిపితే చాలా జంటల్లో మొత్తం నూటికి నూరు దాటింది. వాళ్లు బొంకలేదు. తాను తోమిన గిన్నె తనకు గుర్తుంటుంది, ఎదుటివారు తోమిన గిన్నె ఆరబెట్టి ఉన్నా కంటికి ఆనదు. తగవు తీర్చడానికి కూర్చున్నప్పుడు నేనిప్పుడు ఇద్దరినీ ఒకటే అడుగుతాను: "నీ సంగతి తర్వాత. ఆ రోజు అతని పరిస్థితి ఏమిటో నువ్వు చెప్పు." చాలామంది ఐదు నిమిషాలు మాట్లాడరు.

5. నింద కూడా పల్లమెరుగు

నిజం దేవుడెరుగు, నీరు పల్లమెరుగు అని సామెత. నిందకూ ఆ దారే తెలుసు. ఆఫీసరు నుంచి గుమాస్తాకు, గుమాస్తా నుంచి బంట్రోతుకు దిగుతుంది. తిరిగి జవాబు చెప్పలేనివాడి దగ్గర ఆగుతుంది. నా స్టేట్‌మెంటు కూడా ఆ రోజు అలాగే పల్లానికి పోయింది.

ఇళ్లలో ఆ పల్లం చాలాసార్లు కొత్త కోడలు. మా బంధువుల్లో ఒకాయన వ్యాపారం మునిగింది. "పిల్ల కాలు పెట్టిన వేళ" అని ఇంటిల్లిపాదీ అనడం, ఆ అమ్మాయి పుట్టింటికి వెళ్లిపోవడం జరిగాయి. నన్ను పిలిచారు. ఖాతా పుస్తకాలు తెప్పించమన్నాను. మొట్టమొదటి పెద్ద బాకీ పెళ్లికి రెండేళ్ల ముందు రాసి ఉంది, ఆయన చేతిరాతతోనే. ఆ పేజీ తెరిచి మధ్యలో పెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆ అమ్మాయిని తీసుకురావడానికి మర్నాడు మామగారే బయలుదేరాడు.

ఆడపిల్ల పుట్టిందని తల్లిని అనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పుట్టేది ఆడో మగో తేలేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమును బట్టి. ఇది హైస్కూలు పాఠం. ఆ పాఠం చదివి పాసైన ఇంజనీర్ల ఇళ్లలో కూడా ఈ మాట నా చెవులతో విన్నాను. నాకు కోపం వచ్చే విషయాల్లో ఇది మొదటిది. తెలియక అన్నారని సరిపెట్టుకోలేను. ఆ పాఠం వాళ్లకు తెలుసు. అయినా ఎవరినైనా అనాలి, అంటే పడి ఉండే మనిషి కావాలి.

6. నంబరు రాసుకోండి

లెవెల్ క్రాసింగు గేటు వెయ్యమని స్టేషన్ మాస్టరు ఫోను చేస్తాడు. వేశాక గేట్‌మన్ తన దగ్గరున్న షీటులోంచి ఒక నంబరు చెబుతాడు. ప్రైవేట్ నంబరు అంటారు. ఇటు మాస్టరూ, అటు గేట్‌మనూ దాన్ని రాసుకుంటారు. "వేశాడనుకున్నాను", "చెప్పాననుకున్నాను" అనడానికి ఇక వీలుండదు. ఆ రాత్రి నేను "ఆఁ" అన్న కేకతో సరిపెట్టుకోకుండా ఉంటే ఈ పాఠాలు రాసే అవసరం ఉండేది కాదు.

ఇళ్లకూ ఇది కావాలి. ముగ్గురు అన్నదమ్ములున్న ఇంట్లో తల్లికి బీపీ మాత్రలు పది రోజులు అందలేదు. ముగ్గురూ మంచివాళ్లే. ముగ్గురూ ఇంకొకరు తెస్తున్నారనుకున్నారు. "అందరం చూసుకుంటాం" అన్న మాటలో ఎవరి పేరూ లేదు. మందులు ఎవరు, కరెంటు బిల్లు ఎవరు, ఆస్పత్రికి ఎవరు అని పేర్లు రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించమన్నాను. మొదట నామోషీ పడ్డారు. ఇప్పుడు మందులు అందుతున్నాయి.

7. ఒప్పుకున్నవాడికి ఏం జరుగుతుందో అందరూ చూస్తుంటారు

నిజం చెప్పినవాడికి చార్జిషీటు, దాచినవాడికి ప్రమోషన్ దక్కే చోట పదిమందికీ నీతులు చెప్పి లాభం లేదు. వాళ్లు నీతిని చూడరు, మొన్న ఒప్పుకున్నవాడి గతి చూస్తారు. అమెరికాలో విమానయానం వాళ్లు ఇది గ్రహించారు. 1976 నుంచి అక్కడ పైలట్లు, కంట్రోలర్లు తమ పొరపాట్లను తామే రాసి పంపే ఏర్పాటు నడుస్తోంది. ఆ ఉత్తరాలు వెళ్లేది శిక్షించే విభాగానికి కాదు, నాసాకు. పేర్లు తీసేసి, పొరపాటు ఎలా జరిగిందో మాత్రం అందరికీ తెలియజేస్తారు. మన దగ్గర రైల్వే ప్రమాదాలను విచారించే భద్రతా కమిషన్‌ను రైల్వే శాఖ కింద కాకుండా పౌర విమానయాన శాఖ కింద ఉంచింది కూడా ఇలాంటి ఆలోచనతోనే. తన టేపుతో తనను తాను కొలుచుకోకూడదని.

ప్రోగ్రెస్ కార్డు దాచిన పిల్లవాణ్ని తిట్టే ముందు, కిందటిసారి కార్డు చూపించినప్పుడు మనం ఏం చేశామో గుర్తు చేసుకోవాలి. మా అమ్మ చీపురు ఇచ్చేది, బెత్తం తీసేది కాదు. అందుకే మేం "పగలగొట్టాను" అనగలిగాం.

8. కుర్చీ దేనికి

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఎస్‌ఎల్‌వీ-3 ఐదు నిమిషాల చిల్లరలో బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ ప్రాజెక్టు నడిపింది అబ్దుల్ కలాం. విలేకరుల ముందు కూర్చుని ఆ వైఫల్యాన్ని తన మీద వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్. 1980 జులై 18న రెండో ప్రయత్నం ఫలించినప్పుడు ధవన్ పక్కకు తప్పుకుని, విలేకరులతో మాట్లాడమని కలాంను పంపారు. కలాం ఈ సంగతిని జీవితాంతం చెప్పారు, అందరికీ తెలిసిందే. నన్ను పట్టేది ఆ రెండు తేదీల మధ్య ఉన్న పదకొండు నెలలు. బయట నింద ఒకరు మోశారు కాబట్టి, లోపల ఉన్నవాళ్లు దాక్కోవాల్సిన అవసరం లేకుండా లోపాన్ని వెతకగలిగారు. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారిపోయిందని తేల్చి సరిచేశారు. ఎవరి తల ఎగిరిపోతుందో అన్న భయం ఉన్నచోట ఆ కారుతున్న చోటు దొరకడానికి ఎన్నాళ్లు పట్టేదో.

మా రైల్వేలో పెద్ద కథ లాల్ బహదూర్ శాస్త్రిది. 1956లో, వానల కాలంలో, జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి వందమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రిగా ఆయన రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు దగ్గర మరో వంతెన పోయి అంతకన్నా ఎక్కువమంది పోయారు. ఈసారి రాజీనామా ఆగలేదు. ఆ వంతెనకు శాస్త్రి బాధ్యుడని కాదు, ఒక మంచి సంప్రదాయం నిలబడాలని ఆమోదిస్తున్నానని నెహ్రూ పార్లమెంటులో చెప్పారు. చేతితో చేసిన తప్పు వేరు, కుర్చీకి అంటుకుని ఉండే బాధ్యత వేరు. ఈ తేడా తెలియని ఇళ్లలో తండ్రి "నేనేం చేశాను?" అని అడుగుతూ ఉండిపోతాడు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. లేని తప్పును నెత్తిన వేసుకోవడం బాధ్యత కాదు. భర్త గుండెపోటుతో పోతే "ఆ రోజు నేను ఊరెళ్లకుండా ఉంటే" అని ఏళ్ల తరబడి కుమిలే ఆడవాళ్లను చూశాను. వాళ్లకు ఈ పాఠాలు చెప్పకండి. పక్కన కూర్చుని, నీ తప్పు లేదమ్మా అని చెప్పండి, ఎన్నిసార్లు అవసరమైతే అన్నిసార్లు.

9. "కానీ" లేకుండా

రిటైరయిన మరుసటి ఏడాది ఆ పాయింట్స్‌మన్ ఊరు కనుక్కుని వెళ్లాను. బస్సులో మూడు గంటల ప్రయాణం. దారంతా మనసులో మాటలు కూర్చుకున్నాను. "నా తప్పూ ఉంది, కానీ ఆ రోజు ఫోను..." అని ఒకసారి. "మిమ్మల్ని ఇరికించాలని కాదు, కానీ..." అని ఇంకోసారి. ఆ "కానీ" దాకా వచ్చేసరికి ముందు అన్నదంతా చెరిగిపోతోందని నాకే తెలిసింది. దిగేలోపు ఒక్కొక్కటీ తీసేశాను.

డెబ్బై దాటిన మనిషి. గుర్తుపట్టి, "మాస్టారూ, మీరా!" అంటూ కుర్చీ వేశాడు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ వయసులో పెద్దవాడైన ఆయన్ని నేను "నువ్వు" అనే పిలిచాను. ఆ రోజు "మీరు" అని వచ్చింది.

"ఆ రాత్రి నేను వచ్చి పాయింటు చూసుకోవాలి. రాలేదు. స్టేట్‌మెంటులో ఆ మాట రాయలేదు. మీకు పడ్డ కోత నా వల్ల పడింది."

చాలాసేపు వాకిట్లోకి చూశాడు. "తెలుసు మాస్టారూ" అన్నాడు. "మీరు రాలేదని నాకు తెలుసు కదా."

"మరి గట్టిగా ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను. రాసుకున్నాయన రాసుకోలేదు."

కాఫీ తాగి వచ్చేస్తుంటే బస్టాండు దాకా వచ్చాడు. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. ఆ తర్వాత నాలుగైదుసార్లు ఫోనులో మాట్లాడుకున్నాం. పెన్షన్ కట్టేది చివరి జీతాన్ని బట్టి. ఆ ఇంక్రిమెంటు తేడా ఆయనకు వచ్చే పెన్షన్‌లో ఇప్పటికీ ప్రతి నెలా తగ్గుతూనే ఉంది.